కారు నడపడంలో రోడ్డు అంచు దూరం

రోడ్డు అంచు దూరం అంటే కారు ఎడమ చక్రాలకూ, రోడ్డు ఎడమ అంచుకూ మధ్య ఉండే ఖాళీ. కారు నడపడం నేర్చుకునేవారికి క్లచ్చి, గేరు, బ్రేకు కొద్దిరోజులలోనే పట్టుబడతాయి కాని, ఈ ఖాళీని సరిగా అంచనా వేయడం మాత్రం ఆలస్యంగా అలవడుతుంది. భారతదేశంలో వాహనాలు రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి, స్టీరింగు కారులో కుడివైపున ఉంటుంది. అందువలన డ్రైవరు రోడ్డు మధ్యభాగానికి దగ్గరగాను, అంచుకు దూరంగాను కూర్చుంటాడు. ఏ అంచును కనిపెట్టుకొని నడపాలో ఆ అంచే అతనికి సరిగా కనబడని వైపున ఉంటుంది.

ఈ వ్యాసంలోని ఉదాహరణలకు తెలంగాణలోని రామన్నపేట పరిసరాల దారులను తీసుకోవడమైనది. ఒకే వరుస వాహనాలకు సరిపోయే పల్లె దారి మొదలుకొని నాలుగు వరుసల జాతీయ రహదారి దాకా అన్ని రకాల రోడ్లూ ఇక్కడ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కనబడతాయి.

రామన్నపేట పరిసరాల రోడ్లు

రామన్నపేట ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు ఇది నల్గొండ జిల్లాలో ఉండేది. ఆ తరువాత యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. దక్షిణాన చిట్యాల వద్ద హైదరాబాదు - విజయవాడ రహదారి (65వ జాతీయ రహదారి, పూర్వపు 9వ నంబరు) ఉన్నది. ఉత్తరాన వలిగొండ మీదుగా భువనగిరికి దారి ఉన్నది. వీటి నుండి చీలి ఊళ్ళలోకి పోయే దారులు చాలావరకు ఇరుకైనవి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఒక వరుస రోడ్డు 3.75 మీటర్లు, మధ్యరకం రోడ్డు 5.5 మీటర్లు, రెండు వరుసల రోడ్డు 7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఇవి తారు వేసిన భాగం కొలతలు. దానికి రెండువైపులా మొరంతో కట్టిన అంచు భాగం ఉంటుంది, దీనిని వాడుకలో సైడు బర్ము లేదా రోడ్డు మార్జిన్ అంటారు. 3.75 మీటర్ల పల్లె దారికి బర్ములతో కలిపి 7.5 మీటర్ల వెడల్పు ఉండాలని లెక్క. కాగితం మీద ఇది ఉదారమైన కొలతే. వాస్తవంలో ఆ బర్ములో కొంత భాగాన్ని సర్కారు తుమ్మ ఆక్రమిస్తుంది, కొంత వానకు కోసుకుపోతుంది, కొంత పక్క పొలంలో కలిసిపోతుంది.

ఈ కొలతలను వాహనాల వెడల్పుతో పోల్చి చూడాలి. మారుతి 800 కారు వెడల్పు 1.44 మీటర్లు, ఆల్టో 800 వెడల్పు 1.49 మీటర్లు. 2018 నుండి వచ్చిన స్విఫ్టు 1.735 మీటర్లు. పక్క అద్దాలు వీటిలో చేరవు. బస్సు, లారీ సుమారు రెండున్నర మీటర్లు ఉంటాయి. లెక్క సులభంగా ఉండటానికి కారు ఒకటిన్నర మీటర్లు, బస్సు రెండున్నర మీటర్లు అనుకుంటే, రెండూ కలిసి 4 మీటర్లు.

5.5 మీటర్ల రోడ్డు మీద ఈ రెండూ ఎదురుపడితే మిగిలేది ఒకటిన్నర మీటర్లు. ఈ మిగులును మూడు చోట్ల పంచాలి: కారుకు ఎడమన, బస్సుకు ఎడమన, రెండింటి మధ్యన. సమానంగా పంచితే ఒక్కొక్క ఖాళీ అరమీటరు. అనగా కారు డ్రైవరు తన ఎడమ చక్రాన్ని అంచుకు అరమీటరు దూరంలో నిలపగలిగితే బస్సు ఏ ఇబ్బందీ లేకుండా పోతుంది. అంచుకు మీటరు దూరం వదిలాడంటే, ఆ అదనపు అరమీటరు రెండు వాహనాల మధ్యనున్న ఖాళీ నుండే పోతుంది. అప్పుడు అద్దాలు తగులుతాయి.

3.75 మీటర్ల రోడ్డు మీద పరిస్థితి వేరు. 4 మీటర్ల వాహనాలు 3.75 మీటర్ల తారు మీద పట్టవు. నడుమ అరమీటరు ఖాళీ కావాలంటే మొత్తం నాలుగున్నర మీటర్లు కావాలి. బస్సు తారు దిగకుండా తన అంచున పోతే, కారు ఎడమ చక్రాలు ముప్పావు మీటరు మేర మొరం మీదికి దిగక తప్పదు. అక్కడ మొరం ఉన్నదా, గుంట ఉన్నదా, కాలువ ఉన్నదా అన్నది ముందుగానే చూసుకోవాలి.

వరికోతల కాలంలో, అనగా వానాకాలం పంట చేతికి వచ్చినప్పుడు, తిరిగి యాసంగి పంట తరువాత, ఈ ప్రాంత రైతులు వడ్లను తారు రోడ్డు మీద ఆరబోస్తారు. తొక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. ఆ వారాలలో రెండు వరుసల రోడ్డు కూడా ఒక వరుస రోడ్డుగా మారిపోతుంది. పగలు ఇది అసౌకర్యం మాత్రమే. రాత్రి వేళ ఆ రాళ్ళు, వాటి మీద కప్పిన పరదాలు వాహనదారులకు, ముఖ్యంగా ద్విచక్ర వాహనాలవారికి ప్రాణాంతకాలుగా మారుతున్నాయి. కల్లాలు చాలని చోట రైతుకు వేరే దారి లేదన్నదీ నిజమే.

అంచు తప్పితే ఏమవుతుందో ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. 2018 జూన్ 24న పొరుగునున్న వలిగొండ మండలంలో, వేములకొండ సమీపంలోని లక్ష్మాపురం వద్ద, వ్యవసాయ కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది మరణించారు. వారిలో దాదాపు అందరూ పొలం పనికి బయలుదేరిన మహిళలు. ఆ ప్రమాదంలో తప్పొప్పుల విచారణ ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. పొలాల పక్కన పోయే దారిలో తారు అంచు నుండి అరమీటరు తప్పితే మళ్ళీ రోడ్డెక్కే అవకాశం ఉంటుంది, కాలువ పక్కన పోయే దారిలో ఆ అవకాశం ఉండకపోవచ్చు.

ఎడమ అంచు ఎందుకు కనబడదు

డ్రైవరు కన్ను కారు నడిమి గీతకు సుమారు 35 సెంటీమీటర్లు కుడివైపున ఉంటుంది. ఒకటిన్నర మీటర్ల కారులో కంటి నుండి ఎడమ చక్రం వెలుపలి అంచు వరకు అడ్డంగా కొలిస్తే 1.1 మీటర్లు వస్తుంది. కుడి చక్రం వరకు కొలిస్తే 40 సెంటీమీటర్లే. కుడి కిటికీలోంచి తల వంచితే కుడి చక్రం పక్కనున్న నేల కనబడుతుంది. ఎడమవైపు నేలను మాత్రం బానెట్టు, డాష్‌బోర్డు, ఎడమ తలుపు కప్పివేస్తాయి. చక్రం పక్కన చాలా మేర నేల డ్రైవరుకు బొత్తిగా కనబడదు. కనుక చక్రం ఇప్పుడు ఎక్కడున్నదో చూడటం సాధ్యం కాదు, ముందు కనబడే రోడ్డును బట్టి ఊహించవలసిందే.

ఇక్కడ నేర్చుకునేవారు రెండు రకాలుగా పొరపడతారు. చాలా ఏళ్ళు సైకిలో, మోటారు సైకిలో నడిపి కారుకు వచ్చినవారు తమ శరీరాన్ని అలవాటైన చోటనే, అనగా అంచుకు దగ్గరగా ఉంచబోతారు. ఫలితంగా తమ ఎడమనున్న మీటరుకు పైగా కారు తారు దిగిపోతుంది. రెండవ రకంవారు ఎడమవైపు ఏమున్నదో తెలియని భయంతో రోడ్డు నడిమికి జరుగుతారు. తారు దిగినవారిని పక్కన కూర్చున్నవారు వెంటనే హెచ్చరిస్తారు. నడిమికి జరిగినవారిని ఎదుటి వాహనం వచ్చేదాకా ఎవరూ ఏమీ అనరు. అందుకే రెండవ పొరపాటు చాలాకాలం దిద్దుబాటు కాకుండా ఉండిపోతుంది. తనకు దారి ఇవ్వడం లేదని ఎదుటివారిని తిట్టుకునే డ్రైవర్లలో కొందరు నిజానికి ఈ కోవకు చెందినవారే.

బస్సులు, లారీలలో ఈ సమస్యకు పాత పరిష్కారం ఒకటున్నది. లారీలో క్లీనరు ఎడమ తలుపు వద్ద నిలబడి, తలుపు మీద చరుస్తూ "పోనీ, పోనీ" అంటాడు. బస్సులో కండక్టరు "రైట్, రైట్", "హోల్డాన్" అని పిలుస్తాడు. డ్రైవరుకు లేని ఎడమ కన్ను వాళ్ళే. కారు నేర్చుకునేటప్పుడు ఎడమ సీటులో కూర్చునే శిక్షకుడు కూడా కొంతకాలం ఈ పనే చేస్తాడు. అయితే ఆయన కారు దిగిన నాడు ఆ కన్ను కూడా పోతుంది కాబట్టి అంతకు ముందే సొంత గుర్తు ఒకటి ఏర్పరచుకోవాలి.

బానెట్టు మీది గుర్తు

శిక్షకులు సాధారణంగా చెప్పే మాట: "రోడ్డు అంచు బానెట్టు నడిమిలో కనబడితే నీ ఎడమ చక్రం అంచుకు సరైన దూరంలో ఉన్నట్టు." ఇది ఎలా కుదురుతుందో చాలామందికి తెలియదు. దాని వెనుక ఉన్నది పాఠశాలలో నేర్చుకునే సరూప త్రిభుజాల లెక్కే.

రామన్నపేట రైల్వే స్టేషనులో నిలబడి పట్టాలను చూస్తే అవి దూరాన ఒకే బిందువు వద్ద కలిసినట్లు కనబడతాయి. రోడ్డు అంచు కూడా అంతే. కారు తిన్నగా పోతున్నంతసేపు అంచు గీత దూరాన రోడ్డు కలిసే బిందువు నుండి మొదలై, దగ్గరకు వచ్చేకొద్దీ ఎడమవైపుకు వాలుతూ వచ్చి, బానెట్టు వెనుక దాక్కుంటుంది. ఆ గీత ఎంత వాలుగా ఉంటుందన్నది రెండు కొలతల మీద ఆధారపడుతుంది: నేల నుండి కంటి ఎత్తు, కంటి నుండి అంచు వరకు అడ్డు దూరం.

కన్ను నేలకు 1.2 మీటర్ల ఎత్తున ఉన్నదనుకుందాం. బానెట్టు ముందు భాగం కంటికి 1.7 మీటర్ల ముందు, నేలకు 0.9 మీటర్ల ఎత్తున, అనగా కంటికి 0.3 మీటర్లు దిగువన ఉన్నదనుకుందాం. కన్ను నుండి బానెట్టు అంచును తాకుతూ నేలకు పోయే చూపు 0.3 మీటర్లు దిగేసరికి బానెట్టును చేరుతుంది, 1.2 మీటర్లు దిగేసరికి నేలను చేరుతుంది. అనగా బానెట్టు మీద కనబడే అడ్డు దూరం నేల మీది అడ్డు దూరంలో సరిగ్గా నాలుగోవంతు. ఆ చూపు నేలను తాకేది కంటికి 6.8 మీటర్ల ముందు.

చక్రానికి, అంచుకు మధ్య అరమీటరు ఉండాలనుకుంటే, కంటి నుండి అంచు వరకు అడ్డు దూరం 1.1 మీటర్లు, 0.5 మీటర్లు కలిపి 1.6 మీటర్లు. దానిలో నాలుగోవంతు 40 సెంటీమీటర్లు. అంటే బానెట్టు మీద అంచు గీత కంటికి 40 సెంటీమీటర్లు ఎడమన కనబడుతుంది. కారు నడిమి గీత కంటికి 35 సెంటీమీటర్లు ఎడమన ఉన్నదని పైన చెప్పుకున్నాము. రెండూ దాదాపు ఒకే చోటు. శిక్షకుల మాట ఇందువల్లనే నిజమవుతుంది.

ఇదే లెక్కను ఇతర దూరాలకు వేస్తే, చక్రం సరిగ్గా అంచు మీద ఉన్నప్పుడు గీత కంటికి 27.5 సెంటీమీటర్లు ఎడమన, అనగా బానెట్టు నడిమికి కొంచెం కుడిగా కనబడుతుంది. అంచుకు మీటరు దూరంలో ఉన్నప్పుడు 52.5 సెంటీమీటర్లు ఎడమన కనబడుతుంది. చక్రాలు ముప్పావు మీటరు మొరంలోకి దిగినప్పుడు తారు అంచు కంటికి 9 సెంటీమీటర్లు మాత్రమే ఎడమన, అనగా దాదాపు ముక్కుకు సూటిగా కనబడుతుంది. మొదటిసారి ఇలా కనబడినప్పుడు కారు మొత్తం రోడ్డు దిగిపోయిందన్న భ్రమ కలుగుతుంది. నిజానికి దిగింది ఎడమ చక్రాలు మాత్రమే.

నేల మీద 10 సెంటీమీటర్ల తేడా బానెట్టు మీద రెండున్నర సెంటీమీటర్లుగానే కనబడుతుందన్నది కూడా గమనించదగినది. అందుచేత ఈ గుర్తుతో ఎవరైనా పది, పదిహేను సెంటీమీటర్ల వరకు మాత్రమే కచ్చితంగా చెప్పగలరు. అంతకన్నా సూక్ష్మంగా కావలసిన చోట కారు ఆపి దిగి చూసుకోవడం నామోషీ కాదు.

గుర్తు అందరికీ ఒకేచోట ఉండదు

పై లెక్కలో కంటి ఎత్తును పది సెంటీమీటర్లు తగ్గించి 1.1 మీటర్లు చేసి చూడవచ్చు. బానెట్టు కంటికి 20 సెంటీమీటర్లే దిగువన ఉంటుంది. నిష్పత్తి నాలుగోవంతు నుండి సుమారు ఐదున్నరోవంతుకు పడిపోతుంది. అదే అరమీటరు ఖాళీకి గీత 40 సెంటీమీటర్లకు బదులు 29 సెంటీమీటర్లు ఎడమన కనబడుతుంది. పొట్టివారికి బానెట్టు నడిమి గుర్తు చెప్పితే, వారు ఆ గుర్తును నడిమికి తెచ్చుకోవడానికి కారును మరింత కుడికి జరుపుతారు. వారి లెక్కలో 35 సెంటీమీటర్ల గుర్తుకు నేల మీద 1.92 మీటర్ల దూరం వస్తుంది. అంటే చక్రానికి అంచుకు మధ్య 80 సెంటీమీటర్లకు పైగా ఖాళీ ఏర్పడుతుంది. ఇంట్లో భర్తో, అన్నో నేర్పినప్పుడు, "నేను చెప్పినట్టే చూస్తున్నా నీకెందుకు రావడం లేదు" అన్న కోపతాపాలకు ఇది కారణం కావచ్చు. నేర్పేవారి గుర్తు నేర్పేవారి కంటి ఎత్తుది. నేర్చుకునేవారు తమ గుర్తును తామే కనుక్కోవాలి.

సీటును ముందుకు జరిపినా, ఎత్తు పెంచినా, దిండు వేసుకున్నా గుర్తు మారుతుంది. కాబట్టి సీటును ముందుగా సరిచేసుకొని తరువాతనే గుర్తును వెతకాలి. కారు మారితే మళ్ళీ మొదటికి రావాలి. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడరు కారులో ముందు చక్రాల పైభాగాలు ఉబ్బెత్తుగా ఉండి డ్రైవరుకు కనబడేవి, అంచనాకు అవి సాయపడేవి. ఇప్పటి కార్ల బానెట్లు ముందుకు వాలిపోయి చాలామందికి సీటులోంచి కనబడనే కనబడవు. అలాంటి కార్లలో ముందు అద్దం అడుగుభాగాన్ని, లేదా వైపరు మొదలును గుర్తుగా తీసుకోవచ్చు. కొలతలు మారినా లెక్క మారదు.

మైదానంలో సాధన

గుర్తును కనుక్కోవడానికి ఖాళీ మైదానం చాలు. ముగ్గుపిండితో గాని, సున్నంతో గాని ముప్పై, నలభై అడుగుల పొడవున నిటారుగా ఒక గీత గీయాలి. దానిని రోడ్డు అంచుగా భావించి, దాని పక్కన సమాంతరంగా కారు నిలపాలి. దిగి ఎడమ ముందు చక్రానికి, గీతకు మధ్య దూరం టేపుతో కొలవాలి. అరమీటరు వచ్చేదాకా కారును సరిచేయాలి. అప్పుడు సీటులో కూర్చొని, ప్రయాణంలో కూర్చునే తీరులోనే తల నిటారుగా ఉంచి, గీత బానెట్టును ఎక్కడ దాటుతున్నదో చూడాలి. ఆ చోట చిన్న రంగు కాగితం అంటించుకొనవచ్చు. పక్కకు వంగి చూస్తే గుర్తు తప్పు వస్తుంది.

తరువాత మొదటి గేరులో, గీత కాగితాన్ని వదలకుండా కారును నడిపి, ఆపి, మళ్ళీ దిగి కొలవాలి. ఇలా పదిసార్లు చేస్తే కంటి అంచనాకు, టేపు కొలతకు తేడా తగ్గడం తెలుస్తుంది. ఎడమ పక్క అద్దాన్ని కొంచెం కిందికి వంచుకుంటే వెనుక చక్రం, దాని పక్కనున్న గీత కూడా కనబడతాయి. ఇది కారు ఆపేటప్పుడు, వెనుకకు నడిపేటప్పుడు బాగా పనికివస్తుంది. రోడ్డు మీదికి పోయే ముందు అద్దాన్ని మళ్ళీ యథాస్థానానికి తేవాలి, లేకపోతే వెనుక వచ్చే వాహనాలు కనబడవు.

బానెట్టు గుర్తు అభ్యాసానికి ఊతకర్ర వంటిది. రోడ్డు మీద చూపు దానికి అతుక్కుపోకూడదు. కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. దిశ ఒక్క డిగ్రీ తప్పినా సెకనుకు సుమారు 19 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. రెండున్నర సెకన్లలో అరమీటరు ఖాళీ హరించుకుపోతుంది. ఒక డిగ్రీ తేడా బానెట్టు దగ్గర చూస్తే కనబడదు, దూరాన రోడ్డు కలిసే చోటును చూస్తే వెంటనే తెలుస్తుంది. అందుకే అనుభవజ్ఞులు చూపును దూరంగా నిలిపి, అంచును కంటి కొసతో కనిపెడుతుంటారు. అదే పనిగా అంచునే చూస్తూ నడిపేవారి చేతులు తెలియకుండానే కారును అటువైపే లాగుతాయి.

తారు దిగడం, ఎక్కడం

ఒక వరుస రోడ్డు మీద అంచు దిగడం తప్పు కాదు, తప్పనిసరి. దిగవలసిన చోటును ముందుగా ఎంచుకొని, వేగం తగ్గించి, మొరం గట్టిగా ఉన్నచోట నెమ్మదిగా దిగాలి. ఎదుటి వాహనం దగ్గరకు వచ్చాక హఠాత్తుగా దిగడం ప్రమాదకరం. ఎదురుగా వచ్చేది పెద్ద బండి అయితే, ముందే వెడల్పైన చోట ఆగిపోవడం మేలు. వాన కురిసిన తరువాత మొరం పైకి గట్టిగా కనబడినా లోపల మెత్తబడి ఉంటుంది. గడ్డి మొలిచిన చోట కింద గుంట ఉందో లేదో తెలియదు.

ప్రమాదాలు ఎక్కువగా జరిగేది దిగేటప్పుడు కన్నా తిరిగి ఎక్కేటప్పుడు. రోడ్డు మీద పొర మీద పొర తారు వేస్తూ పోయి, బర్మును మాత్రం నింపకపోవడం వల్ల చాలాచోట్ల తారుకు, మొరానికి మధ్య జానెడు ఎత్తు తేడా ఉంటుంది. పొరపాటున దిగిన డ్రైవరు కంగారుపడి స్టీరింగును కుడికి తిప్పుతాడు. టైరు పక్కభాగం తారు అంచుకు ఒరుసుకొని ఎక్కదు. అతడు ఇంకా తిప్పుతాడు. ఒక్కసారిగా టైరు ఎక్కేసరికి చక్రాలు అప్పటికే బాగా తిరిగి ఉంటాయి కనుక కారు రోడ్డుకు అడ్డంగా దూసుకుపోయి ఎదుటి వాహనానికి తగులుతుంది, లేదా బోల్తా పడుతుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో జరుగుతుంది.

ఇటువంటప్పుడు చేయవలసింది తొందరపడకపోవడం. స్టీరింగును తిన్నగా పట్టుకొని, యాక్సిలరేటరు మీద కాలు తీసి, గట్టిగా బ్రేకు వేయకుండా, ఎడమ చక్రాలను మొరం మీదనే పోనివ్వాలి. వేగం బాగా తగ్గాక, వెనుక, ముందు వాహనాలు లేవని చూసుకొని, ఎత్తు తక్కువగా ఉన్నచోట మెల్లగా ఎక్కాలి. అవసరమైతే పూర్తిగా ఆగిపోవాలి.

మలుపులు, వెనుక చక్రం

మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రం ముందు చక్రం పోయిన దారిలో పోదు, లోపలివైపుగా కోసుకుంటూ పోతుంది. ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఈ తేడా అంత ఎక్కువ. ఆల్టోలో ఆ దూరం 2.36 మీటర్లు. ముందు చక్రం 5 మీటర్ల వ్యాసార్థంతో ఎడమకు తిరిగితే వెనుక చక్రం దానికి సుమారు 59 సెంటీమీటర్లు లోపలగా పోతుంది. 10 మీటర్ల వ్యాసార్థానికి ఈ తేడా 28 సెంటీమీటర్లు. ఊరిలో సీసీ రోడ్డు నుండి ఎడమ సందులోకి తిరిగేటప్పుడు ముందు చక్రం మోరీని అరమీటరు దూరంతో దాటినా, వెనుక చక్రం అందులో పడటానికి కారణం ఇదే. ఇరుకు సందులోకి తిరిగే ముందు కారును మామూలు కన్నా కొంచెం కుడిగా తీసుకొని, ముందు చక్రం మూలను దాటిన తరువాతనే తిప్పాలి.

రోడ్డు వంపు తిరిగినచోట చూపు ఎక్కడ నిలపాలన్న విషయం మీద మైకేల్ లాండ్, డేవిడ్ లీ అనే శాస్త్రవేత్తలు 1994లో నేచర్ పత్రికలో ఒక పరిశోధనను ప్రచురించారు. వంపులో లోపలి అంచు బయటికి ఉబ్బినట్లు కనబడే చోటును డ్రైవర్లు మలుపుకు ఒకటి రెండు సెకన్ల ముందు నుండే చూస్తుంటారని వారు గుర్తించారు. ఎడమ వంపులో ఆ చోటు ఎడమ అంచు మీదనే ఉంటుంది.

రాత్రివేళ

రాత్రి అంచును చూపేది కారు దీపమే. తెల్ల గీతలు గీసిన జాతీయ రహదారి మీద ఇది సులువు. గీతలు లేని దారిలో తారు నలుపుకు, మొరం ఎరుపుకు మధ్య తేడాను పట్టుకోవాలి. వాన పడినప్పుడు ఆ తేడా కూడా చెరిగిపోతుంది. చెట్ల మొదళ్ళకు వేసిన తెల్ల సున్నపు పట్టీలు అప్పుడు ఉపకరిస్తాయి. ఎదుటి వాహనం దీపాలు కళ్ళలో పడినప్పుడు వాటిని చూడకుండా చూపును ఎడమ అంచు మీదికి మళ్ళించి, వేగం తగ్గించాలి. అంచునే చూస్తూ నడపకూడదని పైన చెప్పినదానికి ఇది ఒక్కటే మినహాయింపు, అదీ కొద్ది క్షణాలకే.

నిబంధనలు

వాహనాన్ని వీలైనంతవరకు రోడ్డుకు ఎడమవైపునే నడపాలని, ఎదురుగా వచ్చేవాటిని తన కుడివైపున పోనివ్వాలని 1989 నాటి రోడ్డు నియమాలు చెప్పాయి. వాటి స్థానంలో 2017లో మోటారు వాహనాల డ్రైవింగు నియమాలు వచ్చాయి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం లెర్నరు లైసెన్సు ఉన్నవారు నడిపేటప్పుడు, లైసెన్సు గల శిక్షకుడు అవసరమైతే బండిని ఆపగలిగేలా పక్కన కూర్చోవాలి. కారుకు ముందు, వెనుక తెల్లని పలక మీద ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి. లెర్నరు లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తరువాత పరీక్షకు పోవచ్చు.

రవాణా కార్యాలయాల మైదానాలలో ఎనిమిది అంకె, 'హెచ్', 'ఎస్' ఆకారాలలో వేసిన దారులలో ఈ పరీక్ష జరుగుతుంది. వీటిలో, ముఖ్యంగా 'హెచ్'లో వెనుకకు నడిపేటప్పుడు, పరీక్షకు వచ్చేది ఇంతవరకు చెప్పుకున్న అంచనాయే. అయితే అక్కడి అంచు కదలదు, ఎదురుగా బస్సు రాదు. పరీక్ష పాసయినవారు ఆ మరుసటి రోజే ఒక వరుస రోడ్డు మీద ఒంటరిగా పోవడం మంచిది కాదు.

అమెరికాకు పోయినవారికి

కుడివైపు నడిపే దేశాలలో స్టీరింగు ఎడమన ఉంటుంది, అక్కడ డ్రైవరుకు కనబడనిది కుడి అంచు. అమెరికాకు పోయిన తెలుగువారు ఇక్కడి అలవాటు ప్రకారం తమ శరీరాన్ని వరుసలో కుడివైపుగా ఉంచబోతారు. ఫలితంగా కారు కుడికి జరిగి రోడ్డు అంచును, లేదా పక్క వరుసను ఒరుసుకుంటూ పోతుంది. పక్క సీటులో కూర్చున్నవారు మొదటి రోజులలో ఉలిక్కిపడేది ఇందుకే. ఇక్కడ కుదుర్చుకున్న గుర్తును అక్కడ అద్దంలో ప్రతిబింబంలాగా తిప్పుకొని, ముగ్గుపిండికి బదులు పార్కింగు గీతల పక్కన కారు నిలిపి కొత్తగా సరిచూసుకోవాలి. కాలిఫోర్నియాలో రోడ్డు పక్కన ఆపిన కారు కుడి చక్రాలు కాలిబాట గట్టుకు 18 అంగుళాలలోపు, అనగా సుమారు 46 సెంటీమీటర్లలోపు ఉండాలని చట్టం. ఐదున్నర మీటర్ల రోడ్డు మీద బస్సుకు దారి ఇవ్వడానికి రామన్నపేట డ్రైవరు వదిలే అరమీటరుకు అది కొంచెం తక్కువ.